గుంట గోడ మీద చెయ్యి

విజయవాడ,
20 డిసెంబర్ 2023

అమ్మమ్మకి సలాం.

ఫోనులో అడిగితే "నోటిమాటకి లెక్క ఉండదు, కాగితం మీద అడుగు" అన్నావు. అందుకని ఈ ఉత్తరం. తప్పులుంటే ఎర్ర ఇంకుతో దిద్ది తిప్పి పంపు. పంపవద్దన్నా పంపుతావనుకో.

మా నాలుగో సంవత్సరం డిజైన్ పని చీరాల దగ్గర పడింది. వాడరేవుకి వెళ్ళే దారిలో సాలిపేట అని ఒక నేతవాళ్ళ పేట ఉంది. మొన్నటి తుఫానుకి మూడు రోజులు మోకాలి లోతు నీళ్ళలో ఉంది. ఒక స్వచ్ఛంద సంస్థ అక్కడ ఒక మాదిరి ఇల్లు కట్టిస్తుందట. మా క్లాసులో ఎవరి ప్లాను నచ్చితే ఆ ఇల్లే కడతారు. సముద్రం పక్క ఊళ్ళలో ఇల్లంటే అక్కడి గాలికీ నీటికీ మాత్రమే కాదు, అక్కడి మనుషుల పనికీ అలవాట్లకీ కూడా సరిపోవాలని మా ప్రసన్నకుమార్ సారు రోజూ చెబుతారు.

మేము చూసిన ఇల్లు యలమందయ్యగారిది. నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసే మగ్గం ఆయనది. మట్టి గోడలు, పెంకుల కప్పు, ఇల్లంతా చీకటి. ఉన్నది ఒక్క కిటికీ, దానికీ గోనెపట్టా కట్టేశారు. ఎందుకని అడిగితే, "గాలి ఎవరికి కావాలమ్మాయ్? నాకా, మగ్గానికా?" అన్నాడు.

వెంటనే లోపల్నించి ఆయన భార్య సుబ్బరావమ్మగారు, "ఆయనకీ మగ్గానికీ వద్దులే తల్లీ, నాకు కావాలి. ముప్ఫై ఏళ్ళ నుంచి ఈ చెమ్మలో దగ్గి చస్తున్నా. రెండు కిటికీలు పెట్టించు చాలు" అంది.

"కిటికీలు పెడితే నా దారం తెగుద్దే!"

"దారం పోతే ముడేస్తావు. నేను పోతే దేనికి ముడేస్తావయ్యా?"

మేమంతా పడీ పడీ నవ్వాం. ఆయన కూడా నవ్వాడు.

నీ దగ్గర రెండు పనులున్నాయి. ఒకటి, నీ గాలి నోటుపుస్తకాలు. రెండు, మీ నాన్నగారు దూది ఏకేవారని అమ్మ ఎప్పుడో అన్నట్టు గుర్తు. నిజమేనా? పత్తి గురించి, నూలు గురించి నీకు తెలిసినది ఏమైనా ఉంటే రాయి. మా సారు అలాంటివి రిపోర్టులో ఉంటే చాలా మెచ్చుకుంటారు.

షాజాదీ


ప్రత్తిపాడు,
29 డిసెంబర్ 2023

షాజాదీకి అమ్మమ్మ దువా.

నీ ఉత్తరం దిద్ది ఇందులోనే పెట్టాను. ఏడు తప్పులు. పోయినసారి తొమ్మిది.

నోటుపుస్తకాలు ఇరవై రెండు. నేను సైన్సు టీచరుగా చేరిన 1974 జూన్ పదిహేడు నుంచి నిన్నటి దాకా ఉన్నాయి. పొద్దున గాలి ఏ దిక్కు, పడమటి గాలి ఎన్నింటికి లేచింది, సముద్రపు గాలి ఎన్నింటికి వచ్చింది, వాన ఎంత. ఇన్నేళ్ళలో పదకొండు రోజులు ఖాళీగా ఉన్నాయి. ఆరు మీ అమ్మ పుట్టినప్పుడు, ఐదు మీ తాత పోయినప్పుడు. వాటిని ఊహించి నింపలేదు. నువ్వు కూడా చూడని అంకె ఎక్కడా వెయ్యకు.

నీకు కావలసిన సారం ఇది. సముద్రపు గాలి మన ఊరు చేరేసరికి సాయంత్రం ఐదున్నర దాటుతుంది. చీరాలకి మధ్యాహ్నం ఒంటిగంటకే అందాలి. అది తూర్పు, ఆగ్నేయాల నుంచి వస్తుంది. దాన్ని లోపలికి తీసుకుని బయటికి పంపాలంటే తూర్పు గోడకీ పడమటి గోడకీ ఎదురెదురుగా కిటికీలు ఉండాలి. నేల తుఫాను నీటి గుర్తుకి పైన ఉండాలి. దగ్గే మనిషి ఉన్న ఇంట్లో చెమ్మ ఉండకూడదు. ఇది ఆరో తరగతి పాఠం.

రెండో సంగతి. మా ఇంట్లో చదువు ఉండేది. పత్తి పని గురించి నాకు తెలిసినది లేదు. మీ అమ్మ ఏదో విని ఏదో చెప్పి ఉంటుంది. అడగదగినవే అడుగు.

నోటుపుస్తకాలు పక్కింటి రుక్సానాతో పంపుతున్నాను. ఆమె గురువారం విజయవాడ వస్తుంది. చేతిలో పెట్టించుకో. మడతలు పడకూడదు.

సఫూరా


సాలిపేట,
11 మార్చి 2024

అమ్మమ్మకి సలాం.

నా ప్లానే ఎంపికైంది! సారు అందరి ముందూ నీ నోటుపుస్తకాలు ఎత్తి చూపించి, "యాభై ఏళ్ళ గాలి ఒక ఇంట్లో ఉంది, మనం కంప్యూటర్లో వెతుకుతున్నాం" అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

ప్లానులో నేల నాలుగడుగులు ఎత్తు లేపాం. మగ్గం గుంట ఆ ఎత్తులోనే, సిమెంటు తొట్టిలాగా. కింద ఎంత నీళ్ళొచ్చినా మగ్గం తడవదు. నువ్వు చెప్పినట్టే తూర్పుకి మూడు కిటికీలు, పడమరకి మూడు. పొద్దున్నే పడుగు వీధిలో సాగదీసి గంజి పట్టించుకోవాలి కదా, దానికోసం ముందు అరుగు పొడుగ్గా వదిలాను. అంటే మగ్గానికి నిలువుగా కట్టే దారాలు, వాటినే పడుగు అంటారు. వాళ్ళ అలవాటు ఒక్కటీ వదల్లేదు అమ్మమ్మా, అన్నీ రాసుకుని మరీ గీశాను.

పాత ఇల్లు నిన్న పడగొట్టారు. మొదటి దెబ్బ సుబ్బరావమ్మగారు వేసింది, కొంగు బిగించి. యలమందయ్యగారు మాత్రం పొద్దున్నించి పాత గుంటలో దిగి నిలబడ్డాడు. పైకి రమ్మంటే, "మా తాత కాళ్ళు పెట్టిన గుంట అమ్మాయ్. నన్ను గుర్తుపడుతుందో లేదోనని చూస్తున్నా" అన్నాడు. తర్వాత ఆయనే మట్టి లాగి పూడ్చాడు.

"కొత్త గుంట సిమెంటుదా? నీళ్ళు పీల్చదా?" అని రెండుసార్లు అడిగాడు. చుక్క కూడా పీల్చదని చెప్పాను. పార మీది మట్టి దులిపి పక్కన పెట్టాడు.

నీకు ఏమైనా తోస్తే రాయి.

షాజాదీ


ప్రత్తిపాడు,
2 ఏప్రిల్ 2024

షాజాదీకి అమ్మమ్మ దువా.

నాలుగు తప్పులు. మెరుగే.

నాలుగడుగులు అన్నావు. తుఫాను నీటి గుర్తు గోడ మీద ఎక్కడ ఉందో నువ్వు కొలిచావా, ఎవరైనా చెప్పగా విన్నావా? కిటికీల కింది అంచు నేలకి ఎంత ఎత్తు? కూర్చుని పనిచేసే మనిషి తలకి గాలి తగులుతుందా, వీపుకి తగులుతుందా? ఇవి రాయలేదు.

ఇక్కడ ఒక వాక్యం రాసి కొట్టేశాను. పట్టించుకోకు. కాగితం వృథా చేయడం ఇష్టం లేక దీని మీదే కొనసాగిస్తున్నాను.

ఈ సంవత్సరం పడమటి గాలి మార్చి ఇరవై ఆరునే లేచింది. పోయిన ఏడు ఏప్రిల్ తొమ్మిది. మిరపకాయలు కల్లాల్లో రెండు రోజులు ముందే ఎండాయి. పనివాళ్ళు సంతోషంగా ఉన్నారు.

ఇంటి గృహప్రవేశానికి పిలిస్తే వస్తాను.

సఫూరా


ప్రత్తిపాడు,
21 అక్టోబర్ 2024

షాజాదీకి అమ్మమ్మ దువా.

నిన్న సాయంత్రం ఏడు పదికి ఇల్లు చేరాను. బస్సు చిలకలూరిపేటలో ఇరవై నిమిషాలు ఆగింది. నువ్వు తిరిగి ఇచ్చిన నోటుపుస్తకాలు ఇరవై రెండూ మడత పడకుండా చేరాయి.

యలమందయ్యగారి కొత్త ఇల్లు చూశాను. గోడలు నిలువుగా ఉన్నాయి. కిటికీలు ఆరూ తేలిగ్గా తెరుచుకుంటున్నాయి. నేనున్న నాలుగు గంటల్లో సుబ్బరావమ్మ రెండుసార్లే దగ్గింది. నాకు పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, "మీ మనవరాలు నాకు ఊపిరి పెట్టిందండీ" అన్నది. ఆ మాట నీకు చెప్పమన్నది, చెబుతున్నాను.

ఆయన మగ్గం మీద కూర్చుని నా కోసం నాలుగు వేళ్ళ బట్ట నేసి చూపించాడు. బయట వాన పడుతున్నది. అడ్డ పోగు వేసే నాడె బాగానే ఆడింది. నేను వంగి గుంట గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. బాగా కట్టారు.

నువ్వు గుమ్మంలో నిలబడి నావైపే చూస్తున్నావు. చిన్నప్పుడు లెక్క చేసి పలక చూపించినప్పుడు అలాగే నిలబడేదానివి.

కాళ్ళనొప్పుల వల్ల ఎక్కువ రాయలేను.

సఫూరా


విజయవాడ,
16 ఫిబ్రవరి 2025

అమ్మమ్మకి సలాం.

ఒక్క తప్పూ లేకుండా రాయాలని చూస్తున్నాను కానీ చెయ్యి ఆగడం లేదు. దేశంలో ఉన్న కాలేజీలన్నీ పంపిన ప్లానుల్లో నాకు మొదటి బహుమతి వచ్చింది. "తీరప్రాంతపు వాతావరణాన్నీ సంస్కృతినీ కలిపి ఆలోచించిన ఇల్లు" అని రాశారు. పేపర్లో వచ్చిన ఫొటోలో నా పక్కన యలమందయ్యగారు కొత్త పంచె కట్టుకుని నిలబడ్డారు.

అంతకంటే పెద్ద మాట ఇంకోటి ఉంది. సాలిపేటలో ఇంకో నలభై ఇళ్ళు ఇదే ప్లాను మీద కడతారట. సంస్థ ఒప్పుకుంది. ఇప్పటికే తొమ్మిది కుటుంబాలు పాత ఇళ్ళు పడగొట్టుకుని బళ్ళో తలదాచుకుంటున్నాయి. వీధి మొదట్లో బోర్డు పెట్టారు, దాని మీద నా పేరుంది. అంత పెద్ద అక్షరాల్లో నా పేరు నేనెప్పుడూ చూడలేదు.

నీ పేరు కూడా వెయ్యమన్నాను. చోటు లేదన్నారు.

షాజాదీ


ప్రత్తిపాడు,
1 మార్చి 2025

షాజాదీకి అమ్మమ్మ దువా.

బహుమతి సంగతి రుక్సానాకీ, మీ అమ్మకీ, మా బడి హెడ్ మాస్టరుగారికీ చెప్పాను. హెడ్ మాస్టరుగారు పేపరు కత్తిరించి నోటీసు బోర్డుకి అంటించారు.

మిగిలిన ముప్ఫై ఒక్క కుటుంబాలు ఈ వేసవి చూసి పాత ఇళ్ళు పడగొట్టుకుంటే మంచిది. తొందరపడి లాభం లేదు. ఒక ఇంటిని అన్ని కాలాల్లోనూ చూడాలి. నువ్వు వాళ్ళకి ఈ మాట చెప్పు. సంస్థవాళ్ళకీ చెప్పు.

కారణం అడిగితే, ఏ కొత్త ఇంటికైనా ఇది మామూలు జాగ్రత్తే అని చెప్పు.

రెండు తప్పులు.

సఫూరా


సాలిపేట,
9 మే 2025

అమ్మమ్మకి సలాం.

వేసవి దాకా ఆగమని నువ్వన్న మాట మార్చిలో చెప్పి చూశాను. "బహుమతి తెచ్చుకున్న ఇంటిని ఆ అమ్మాయే అనుమానిస్తోందేంటి" అని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఇప్పుడు ఇరవై ఆరు ఇళ్ళు పడగొట్టేశారు.

యలమందయ్యగారి మగ్గం ఆగిపోయింది.

పడమటి గాలి మొదలైన దగ్గర్నించి పోగులు నిలవడం లేదు. నాడె అటు పోయి ఇటు వచ్చేలోగా రెండు తెగుతున్నాయి. ముడి వేస్తే ముడి పక్కన తెగుతోంది. రోజుకి నాలుగు మూరలు నేసేవాడు, నిన్న జానెడు నేశాడు. నేను పక్కనే కూర్చుని చూశాను అమ్మమ్మా. పటుక్, పటుక్ అని వినిపిస్తుంది. ప్రతిసారీ ఆయన నావైపు చూడకుండా వంగి ముడి వేసుకుంటాడు.  తిట్టినా బాగుండు.

నూలు చెడిపోయిందేమోనని కొత్తది తెప్పించాం. అదీ అంతే.

ఇంట్లోకి గాలి చాలా బాగా వస్తోంది. ఎలా గీశానో అలాగే వస్తోంది.

షాజాదీ


ప్రత్తిపాడు,
13 మే 2025

షాజాదీ,

వెంటనే చెయ్యవలసినవి రాస్తున్నాను.

పడమటి కిటికీలు మూడూ మూయించు. తూర్పు కిటికీలు సముద్రపు గాలి వచ్చాక మాత్రమే తెరవాలి. అన్నిటికీ గోనెపట్టాలు కట్టించి రెండు గంటలకొకసారి తడపాలి. గుంట అడుగున జానెడు మందం ఇసుక పోసి నీళ్ళు చల్లాలి. నేల మొత్తం పొద్దున్నా మధ్యాహ్నం తడి గుడ్డతో తుడవాలి. మగ్గం తెల్లారుతుండగా ఎక్కి పదింటికి దిగిపోవాలి. మళ్ళీ నాలుగింటికి ఎక్కాలి. పడుగు కింద తడి బట్ట పరచాలి, కానీ అది దారానికి తగలకూడదు.

నూలుకి చెమ్మ కావాలి. మట్టి గుంట అయితే కింది నుంచి తనే ఇస్తుంది. సిమెంటు ఇవ్వదు.

మిగిలిన పద్నాలుగు కుటుంబాలని ఈ రోజే ఆపు.

సఫూరా


సాలిపేట,
8 జూన్ 2025

అమ్మమ్మకి సలాం.

నువ్వు రాసినవన్నీ చేశాం. ఇసుక గంటలో ఎండిపోతోంది, కింద సిమెంటు పెనంలాగా ఉంది. గోనెలు కట్టాక ఇల్లు మళ్ళీ చీకటైంది. సుబ్బరావమ్మగారు మళ్ళీ దగ్గుతోంది. పోగులు కాస్త తక్కువ తెగుతున్నాయి, అంతే. అంటే నేను ఆవిడ గాలీ తీసేశాను, ఆయన మగ్గమూ నిలబెట్టలేదు.

నూలిచ్చే షావుకారు వచ్చి చీర పరిచి చూశాడు. ముడులు చేత్తో తడిమి, "యలమందా, నీ చేతి బట్టేనా ఇది?" అన్నాడు. ఆయన తల ఊపాడు. ఇంక పడుగు పంపనని చెప్పి వెళ్ళిపోయాడు.

సంస్థ ఇంజినీరుని కలిశాను. గుంట మట్టిలోకి దించి, ఆ గది ఒక్కటీ కిందికి కట్టమని కొత్త ప్లాను గీసి ఇచ్చాను. "అప్రూవ్ అయిపోయిందమ్మా, ఇప్పుడు మారిస్తే మొత్తం ఆగిపోతుంది. కావాలంటే వాళ్ళు కూలరు పెట్టుకోవచ్చు కదా" అన్నాడు. ప్రసన్నకుమార్ సారుని కలిశాను. "నీ డిజైన్ తప్పు కాదు షాజాదీ, వాడకంలో సమస్య" అన్నారు. ఆయన ఈ ఇంటి మీద వ్యాసం రాసి పంపారట. మిగిలిన పద్నాలుగు కుటుంబాలూ ఇళ్ళు పడగొట్టాయి. నలభై పునాదులూ లేచాయి. నలభైలోనూ సిమెంటు తొట్లే.

ఇప్పుడు అసలు మాట. నిన్న యలమందయ్యగారి పక్కన అరుగు మీద కూర్చున్నాను. మా అమ్మమ్మ చెప్పిన జాగ్రత్తలని నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆయన విని, "ఆవిడకి ఆ రోజే తెలుసమ్మాయ్" అన్నాడు.

"ఏ రోజు?"

"వానలో వచ్చిన రోజు. మగ్గం సంగతి తెలియనివాళ్ళు బట్ట పట్టుకు చూస్తారు. ఆవిడ గుంట గోడ మీద చెయ్యి పెట్టింది. అరచెయ్యి మొత్తం ఆనించి, కాసేపు ఉంచింది. చెమ్మ చూసేవాళ్ళే అట్టా పెడతారు. పెద్దావిడ, చదువుకున్నావిడ, ఏదో ఒకటి అంటుందిలే అని ఎదురుచూశా. బాగుందండీ అని లేచింది."

నాకు ఒక్కటే చెప్పు. నీకు ఎప్పటి నుంచి తెలుసు?

షాజాదీ


ప్రత్తిపాడు,
15 జూన్ 2025

షాజాదీ,

అడిగినదానికి సమాధానం: అరవై ఐదేళ్ళ నుంచి.

మా నాయన పేరు మాబు. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి పరుపులు కుట్టేవాడు. ఆయన ఏకిన దూదిని మా అమ్మ రాట్నం మీద వడికేది. ఎండాకాలం తలుపులు మూసి, నేల తడిపి, కిటికీకి తడి గోనె కట్టి కూర్చునేది. నేల తడపడం నా పని. నీకు మేలో రాసిన జాగ్రత్తలు ఏ పుస్తకంలోవీ కావు. అవి ఆ ఇంట్లోవి.

నాకు తొమ్మిదో ఏడు వచ్చినప్పుడు నాయన నూలు ఇవ్వడానికి చీరాల వైపు వెళుతూ నన్నూ తీసుకెళ్ళాడు. ఒక ముసలాయన మగ్గం గుంట అంచున నన్ను కూర్చోబెట్టి, నా చెయ్యి పట్టుకుని గోడకి ఆనించాడు. చల్లగా, జిగటగా ఉంది. ఈ చెమ్మ ఉన్నంతసేపే పోగు మన మాట వింటుందని చెప్పాడు. ఆ చెమ్మ నా అరచేతికి ఇప్పటికీ తెలుసు.

మరి తెలియదని ఎందుకు రాశాను? బళ్ళో నా జడలో దూది పోగులు ఉండేవి. పక్క పిల్లలు ఒక్కొక్కటీ ఏరి గట్టిగా లెక్కపెట్టేవాళ్ళు. నేను లెక్కల్లో మొదటిదాన్ని అయ్యాను, ఇంకెవరూ నా ముందు లెక్కపెట్టకూడదని. ట్రైనింగు దరఖాస్తులో తండ్రి వృత్తి వ్యవసాయం అని రాశాను. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో నాయన విల్లు భుజాన వేసుకునే బడికి వచ్చాడు. నేను వరండాలో తోటి టీచర్లతో ఉన్నాను. బంట్రోతు వచ్చి, ఎవరో మీ కోసమని చెప్పాడు. నేను చూసి, "పరుపులు కుట్టేవాడు, ఇంటికి రమ్మను" అన్నాను. ఆయనకి వినిపించేంత దూరంలోనే అన్నాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత బడికి రాలేదు, నా ఇంటికీ రాలేదు. అది 1974 జులై రెండు. ఆ రోజు గాలి ఆగ్నేయం, వాన లేదు. నోటుపుస్తకంలో ఉంది. ఇంకేమీ రాయలేదు.

నేను రాసిన లెక్కలన్నీ నిజమే. అందుకే అందరూ నన్ను నమ్మారు. నువ్వూ నమ్మావు.

నీకు చెప్పగలిగిన సందర్భాలు వరసగా ఇవి. మొదట నువ్వు సూటిగా అడిగావు, తెలియదన్నాను. అప్పటికి ఒక్క ఇల్లూ పడలేదు. ఏప్రిల్‌లో నేను కొట్టేసిన వాక్యం "సిమెంటు గుంటలో నూలు నిలవదు" అని. అప్పటికి ఒక ఇల్లు పడింది. అక్టోబరులో గోడ మీద చెయ్యి పెట్టాను. ఎండుటాకులాగా ఉంది, బయట వాన పడుతున్నా సరే. తల ఎత్తితే గుమ్మంలో నీ ముఖం కనిపించింది. చెబితే ఎలా తెలుసని అడుగుతావు. మార్చిలో కారణం లేకుండా ఆగమన్నాను. కారణం లేని మాట ఎవరూ వినరని టీచరుగా నాకు తెలుసు. అప్పటికి ముప్ఫై ఒక్క ఇళ్ళు నిలబడి ఉన్నాయి.

నీ తప్పు ఇందులో లేదు. దారం తెగుతుందన్న ముసలి మనిషి మాట నువ్వు నవ్వి వదిలేశావు, లెక్కలు రాసే ముసలి మనిషి మాట నమ్మావు. మనుషుల్ని తారుమారు చేశావు, అంతే. అది కూడా నేను చేయించినదే.

ఈ ఉత్తరం దిద్దవలసినది నువ్వు.

సఫూరా


సాలిపేట,
19 జులై 2025

అమ్మమ్మా,

యలమందయ్యగారు మగ్గం విప్పేశారు. కర్రలు పొయ్యిలోకి ఇచ్చేశారు. వానలు పడ్డాయి కదా, చెమ్మ వస్తుంది, మళ్ళీ నేయవచ్చు కదా అని అడిగాను. "ఆర్నెల్లు నేసి ఆర్నెల్లు చూస్తా కూర్చుంటే నూలెవడిస్తాడమ్మాయ్?" అన్నారు.

నిన్న ఇద్దరూ గుంటూరు వెళ్ళిపోయారు. ఆయనకి ఒక కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్ పని దొరికింది. ఆవిడకి అక్కడే మిరపకాయల తొడిమలు తీసే పని. "ఆ ఘాటులో మీ దగ్గు?" అన్నాను. "ఇక్కడా దగ్గేదాన్నే కదా తల్లీ, అక్కడైతే అందరూ దగ్గుతారంట, నన్నెవరూ తిట్టరు" అని నవ్వింది. ఆటో ఎక్కేముందు ఆరు కిటికీలూ తెరిచి, నన్ను తాళం వేయమంది. మనుషులు లేకపోయినా గాలి ఆడాలట.

ఆ నలభై ఇళ్ళకీ కప్పులు పడుతున్నాయి. నేను ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. "పాతది పడగొట్టుకున్నాం, ఇప్పుడు చెబితే ఏం చెయ్యమంటావమ్మా" అన్నారు. కోపంగా కూడా అనలేదు. బోర్డు మీద నా పేరు తుడిపేయమన్నాను. రంగు వేసినవాడు ఊళ్ళో లేడట.

మగ్గం విప్పేముందు దాని మీద ఉన్నది కోసి, తువ్వాలులాగా మడిచి ఇచ్చారు. "మీ అమ్మమ్మగారికివ్వు" అన్నారు. ఇంకేమైనా చెప్పమంటారా అని అడిగాను. ఏమీ లేదన్నారు. పంపుతున్నాను.

నువ్వు దిద్దమన్న ఉత్తరంలో దిద్దడానికేమీ లేదు. అన్నీ నిజాలే. అక్టోబరులో రాసినది దాచుకున్నాను, దాన్ని దిద్ది పంపుతున్నాను.

షాజాదీ


ప్రత్తిపాడు,
27 జులై 2025

షాజాదీకి,

నువ్వు తిప్పి పంపిన నా ఉత్తరం అందింది. మొత్తం చూశాను. ఎర్ర గీత ఒక్కటే ఉంది, "బాగా కట్టారు" కింద. సరైన చోటే గీశావు.

తువ్వాలు అందింది. పొద్దున వెలుతురులో అరుగు మీద పరిచి, ముడులు లెక్కపెట్టాను. కంటికి ఆనినవి నూట పన్నెండు. తర్వాత కళ్ళు మూసుకుని వేలితో తడిమితే ఇంకో ముప్ఫై నాలుగు దొరికాయి. మొత్తం నూట నలభై ఆరు. మొదటి అంచు దగ్గర ముడులు చిన్నవి, బట్టలో కలిసిపోయాయి. పోను పోను పెద్దవయ్యాయి. ఆయన తొందరపడలేదు, వేళ్ళు అలిసిపోయాయి.

నోటుపుస్తకం తీశాను. 1974 జులై రెండు దగ్గర చోటు ఉంది. నాయన వచ్చాడు అని రాద్దామని కలం పట్టుకున్నాను. చూడని అంకె వెయ్యకూడదని నీకు చెప్పినదాన్ని. ఇది నేను చూసినదే. అయినా రాయలేదు. ఇప్పుడు రాస్తే అది ఆ రోజు రాసినట్టు కనిపిస్తుంది.

ఈ రోజు పడమటి గాలి పది నలభైకి లేచింది. సముద్రపు గాలి ఇంకా రాలేదు.

తువ్వాలు చివర జానెడు మేర నేత లేదు. అడ్డంగా ఒక్క దారమూ వెయ్యకుండా, పడుగు పోగులు ఉత్తవే వేలాడుతున్నాయి. అక్కడ కూడా వేలు పెట్టి ఒక్కొక్కటీ చూశాను. ముడులు లేవు.

సఫూరా